థీల్సెన్ కొమ్ము ఎక్కాలనుకునేవారికి

ప్రశ్న: మేము నలుగురం స్నేహితులం, అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో, హిల్స్‌బరోలో ఉంటాం. క్రేటర్ లేక్ చూసి వస్తుంటే దారిలో సూదిలా మొనదేలిన కొండ ఒకటి కనిపించింది. మౌంట్ థీల్సెన్ అన్నారు. మాలాంటివాళ్ళు ఎక్కవచ్చా? తాడు కావాలా? అగ్నిపర్వతం కదా, భయం లేదా? ఆగస్టులో మా నాన్నగారు వస్తున్నారు. వయసు 61. ఏటా అలిపిరి మెట్లదారిన తిరుమల కొండెక్కుతారు. ఆయనను కూడా తీసుకువెళ్ళవచ్చా?

జవాబు:

ఒరెగాన్‌కు వచ్చిన రెండో వేసవిలో నేనూ మీలాగే కారు అద్దంలోంచి ఆ మొనను చూసి ఆగిపోయాను. ఇప్పటికి ఆరుసార్లు ఆ కొండ దగ్గరికి వెళ్ళాను. మూడుసార్లు కొసదాకా ఎక్కాను, మూడుసార్లు కొస కింద నుంచి వెనక్కి తిరిగాను. అందుకే ఈ జవాబు కాస్త పొడుగవుతుంది, ఓపికగా చదవండి.

ముందు మీ భయం సంగతి. థీల్సెన్ చల్లారిపోయిన అగ్నిపర్వతం. దాని లోపలి నిప్పు ఆరిపోయి సుమారు రెండున్నర లక్షల ఏళ్ళయింది. ఇక పేలదు, పొగలు కక్కదు. మీరు దారిలో చూసింది అగ్నిపర్వతం పూర్తి రూపం కాదు, అరిగిపోగా మిగిలిన గొంతు. వెడల్పాటి పళ్ళెం బోర్లించినట్టు లావా పొరలు పరుచుకుని అడుగుభాగం ఏర్పడింది. దాని మీద బూడిద, రాతిముక్కలు కుప్పపడి ఒక శంకువులా పెరిగాయి. ఆ శంకువు నడిమధ్యన, లావా పైకి వచ్చే గొట్టంలో మిగిలిన రాతిద్రవం గట్టిపడి బిరడాలా నిలిచిపోయింది. తర్వాత మంచుయుగాల్లో హిమానీనదాలు వచ్చి కొండను అన్ని పక్కలా గీకేశాయి. మెత్తని పొరలు ఒరుసుకుపోయాయి, గట్టి బిరడా మాత్రం కొమ్ములా మిగిలింది. పాతకాలంలో దీన్ని ‘పెద్ద ఆవుకొమ్ము’ అని కూడా పిలిచేవారు. హాన్స్ థీల్సెన్ అనే రైల్వే ఇంజనీరు పేరు దీనికి 1870ల తొలినాళ్ళలో వచ్చింది. నాకు మాత్రం ఆ పాత పేరే నచ్చుతుంది. చూడగానే మన నోటికి వచ్చేది కొమ్ము అనే మాటే కదా. ఉత్తరం వైపు నీడలో లేత్రాప్ అనే చిన్న హిమానీనదం ఈ మధ్యకాలం వరకూ మిగిలి ఉండేది. ఇప్పుడు అదీ కరిగిపోయింది.

ఈ పుట్టుక కథ ఎందుకు చెబుతున్నానంటే, ఎక్కేటప్పుడు మీ కాళ్ళకింద జరిగేదంతా దీనివల్లే. అరుగుతున్న కొండ అంటే రాలుతున్న కొండ. పై భాగంలో మీరు నడిచేది నేల మీద కాదు, పైనుంచి విరిగిపడిన రాళ్ళ కుప్ప మీద. దానికి తోడు దాదాపు 7,700 ఏళ్ళ కిందట దక్షిణాన ఉన్న మజామా అగ్నిపర్వతం పేలి కూలిపోయింది. మీరు చూసివచ్చిన క్రేటర్ లేక్ ఆ కూలిన గుంతే. ఆ పేలుడులో ఎగసిన నురగరాయి ఈ చుట్టుపక్కల అంతటా పడింది. అడవిలో బాట మీద మెత్తగా, తెల్లగా, బొరుగుల్లాగా తేలికగా ఉన్న రాళ్ళు కనిపిస్తే ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి. గుప్పెడు రాయికి గుప్పెడు దూది బరువు కూడా ఉండదనిపిస్తుంది. అవి థీల్సెన్‌వి కావు, మజామావి.

దారి గురించి. 138వ నంబరు రాష్ట్ర రహదారి మీద, 230తో కలిసే కూడలికి కొంచెం ఉత్తరాన, డైమండ్ లేక్ అనే సరస్సుకు ఎదురుగా బాట మొదలవుతుంది. బాట నంబరు 1456. అక్కడి ఎత్తు సుమారు 5,400 అడుగులు, కొస ఎత్తు 9,182 అడుగులు, అంటే 2,799 మీటర్లు. పోను అయిదు మైళ్ళు, రాను అయిదు మైళ్ళు. వినడానికి ఎక్కువేమీ అనిపించదు. అయితే ఆ ఎత్తు ఎలా పంచుకుని ఉందో చూడండి. మొదటి నాలుగు మైళ్ళలో సగం ఎత్తు ఎక్కుతారు. మిగతా సగమంతా చివరి ఒక్క మైలులోనే ఉంది. నాలుగు మైళ్ళు హాయిగా నడిచి ‘ఇంకొక్క మైలే కదా’ అనుకున్నవాళ్ళు అక్కడే దెబ్బతింటారు. ఆ ఒక్క మైలుకు నాకు ప్రతిసారీ రెండు గంటలకు తక్కువ పట్టలేదు.

నాలుగో మైలు దగ్గర మీ బాటను అడ్డంగా కోస్తూ ఇంకో బాట వస్తుంది. అదే పసిఫిక్ క్రెస్ట్ ట్రైల్. మెక్సికో సరిహద్దు నుంచి కెనడా సరిహద్దు దాకా సుమారు 2,650 మైళ్ళు సాగే కాలిబాట. ఆగస్టులో వెళితే మెక్సికో నుంచి నడుచుకుంటూ వస్తున్న మనుషులు ఎదురుపడతారు. ఎండకు కమిలిన ముఖాలు, చిరుగులు పట్టిన బూట్లు, నెలల తరబడి నడిచిన కళ్ళలో ఒక తేట. ఒకసారి మేము తెచ్చుకున్న పులిహోర వాళ్ళలో ఒకమ్మాయికి పెట్టాం. పల్లీలు ఒక్కొక్కటే ఏరుకుని తింటూ, ఇన్ని రోజుల్లో తిన్న మంచి తిండి ఇదేనంది. పులిహోర తీసుకువెళ్ళండి. ఎండకు పాడవదు, ఉప్పు, పులుపు రెండూ ఒంటికి అందుతాయి.

కూడలి దాటాక అధికారిక బాట అయిపోతుంది. పైకి కనిపించేది ఎక్కినవాళ్ళ అడుగులతో పడిన జాడ మాత్రమే. చెట్లు పొట్టివైపోయి, గాలికి వంగి, తర్వాత మాయమవుతాయి. పడమటి గట్టు పట్టుకుని ఎక్కుతూ పోతే జారుడు రాళ్ళ వాలు మొదలవుతుంది. రెండడుగులు వేస్తే ఒకడుగు కిందికి జారుతారు. ఇక్కడ ఒక నియమం పాటించండి. ఒకరి వెనుక ఒకరు నిలువు వరుసలో ఎక్కకండి. ముందువాడి కాలికింద కదిలిన రాయి వెనకవాడి తల మీదికే వస్తుంది. దగ్గర దగ్గరగా ఉండి ఎక్కండి, లేదా ఒకరు దాటి పక్కకు జరిగాక రెండోవారు కదలండి. రాయి కదిలిందంటే చిన్నదైనా సరే, ‘రాయి, రాయి’ అని గట్టిగా అరవండి. మొహమాటపడకండి. హెల్మెట్ లేకుండా ఈ భాగంలోకి అసలు వెళ్ళవద్దు. నా రెండో ప్రయాణంలో కొబ్బరికాయంత రాయి ఒకటి నా భుజానికి జానెడు దూరం నుంచి పోయింది. ముందు గాలి చీలిన చప్పుడు వినిపించింది, రాయి కనిపించింది తర్వాత. ఆనాడు నా తల మీద ఉన్నది బట్ట టోపీ.

వాలు ఎక్కేశాక ఆగ్నేయం వైపు తిరిగితే కొమ్ము మొదట్లో సన్నటి గట్టు వస్తుంది. ఒక పక్క మీరు వచ్చిన వాలు, రెండో పక్క అంచుకు వెళ్ళి చూస్తే కడుపులో తిప్పేంత లోయ. తూర్పు, ఉత్తరం వైపు గోడలు నిలువునా తెగి ఉంటాయి. ఆ గోడల్లో పసుపు, ఎరుపు, గోధుమరంగు పొరలు చీర అంచుల్లా వరుసగా కనిపిస్తాయి. అవన్నీ ఒకప్పుడు పేలి పడ్డ బూడిద పొరలు. పొరలను అడ్డంగా చీల్చుకుంటూ నల్లటి రాతిగోడలు పైకి పోతుంటాయి, లావా దారి వెతుక్కుంటూ దూరిన పగుళ్ళు. ఒక అగ్నిపర్వతాన్ని కోసి లోపల చూపించినట్టే ఉంటుంది. ఒరెగాన్‌లోనే ఉన్న ఇంకో అగ్నిపర్వతం, నిండుగా ఉన్న మౌంట్ హుడ్ మీద ఇది కనిపించదు. నన్నడిగితే ఈ కొండకు రావలసింది ఈ దృశ్యం కోసమే.

ఈ గట్టుకు ఎక్కేవాళ్ళు పెట్టుకున్న పేరు ‘చికెన్ లెడ్జ్’. ఇంగ్లీషులో పిరికివాణ్ణి కోడి అంటారు. పై 80 అడుగులు ఎక్కడానికి జంకినవాళ్ళు ఆగే చోటని అర్థం. ఆ పేరు నాకు ఏమాత్రం నచ్చదు. ఆ పేరు వల్లే ఆగవలసినవాళ్ళు సిగ్గుపడి ఆగడం లేదు. గట్టు దగ్గర ఆగడం బుద్ధి ఉన్నవాళ్ళ పని. అక్కడికి చేరిన మనిషి థీల్సెన్ ఎక్కినట్టే. అక్కడి నుంచి కనిపించకుండా పైనుంచి కొత్తగా కనిపించేది చాలా తక్కువ.

ఆ 80 అడుగుల సంగతి వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ తాడు ప్రశ్న దాని గురించే. అది దాదాపు నిలువు రాయి. నడక కాదు, చేతులు కాళ్ళు నాలుగూ వాడి ఎక్కాలి. కొండలెక్కేవాళ్ళ లెక్కలో నాలుగో తరగతి, కొన్ని అడుగులు తాడుతో ఎక్కే అయిదో తరగతి అంచుకు వస్తాయి. రాయి గట్టిది, పట్టుకోవడానికి పగుళ్ళు, నిలబడడానికి మెట్టులాంటి అంచులు బాగానే ఉన్నాయి. నిజానికి ఎక్కడం అంత కష్టం కాదు, మోసం కూడా అందులోనే ఉంది. ఎక్కేటప్పుడు కళ్ళు చేతిపట్టు వైపు ఉంటాయి, దిగేటప్పుడు కాలిపట్టు కనిపించదు. కింద వేల అడుగుల ఖాళీ కనిపిస్తుంది.

నాలుగోసారి ఒక మిత్రుడు వెంట వచ్చాడు. మంచి దిట్టమైన మనిషి, మారథాన్లు పరిగెత్తినవాడు. పైకి పది నిమిషాల్లో వెళ్ళిపోయాడు. దిగేటప్పుడు మధ్యలో ఒక చోట ఎడమకాలు కిందికి చాచి అంచు కోసం వెతుకుతూ బిగుసుకుపోయాడు. నేను అతనికి ఆరడుగుల కింద ఉన్నాను. అతని బూటు మడమ వణుకుతూ రాతికి టకటకా కొట్టుకోవడం నాకింకా వినిపిస్తుంది. అంచు అతని బూటుకు నాలుగంగుళాల కిందే ఉంది, అతనికి మాత్రం కనిపించదు. అతని మడమ నా చేత్తో పట్టుకుని, ‘ఇంకొంచెం, ఇంకొంచెం, ఇదిగో రాయి’ అంటూ అంచు మీద పెట్టించాను. తర్వాతి అడుగూ అంతే, ఆ తర్వాతదీ అంతే. పది నిమిషాల్లో ఎక్కిన చోటు దిగడానికి నలభై నిమిషాలు పట్టింది. మా దగ్గర తాడు లేదు. ఆనాటి నుంచి తాడు లేకుండా ఎవరినీ ఆ రాయి ఎక్కించలేదు, నేనూ ఎక్కలేదు.

కాబట్టి తాడు కావాలా అంటే, గట్టు దాకా అక్కర్లేదు. పై రాయికి మీ నలుగురిలో ఒక్కరికి కొండతాడు పని బాగా తెలిసి ఉంటేనే వెళ్ళండి. పైన ఆధారం కట్టడం, నడుముపట్టీ వేయడం, పైనుంచి తాడు వదులుతూ ఒక్కొక్కరినీ దింపడం చేతనైనవారు ఉండాలి. తాడు కొని తీసుకువెళ్ళినంత మాత్రాన రక్షణ రాదు. మీ ఊరి దగ్గర లోపల గోడలెక్కే జిమ్ములున్నాయి, అక్కడ నెలరోజులు నేర్చుకోండి, ముఖ్యంగా దిగడం నేర్చుకోండి. అది కుదరకపోతే గట్టు మీదే ఆగాలని ఇంట్లో ఉండగానే ఖాయం చేసుకోండి. కొమ్ము కింద నిలబడి తల ఎత్తి చూస్తూ తీసుకునే నిర్ణయం మంచిది కాదు. అప్పటికి అలసట, పంతం, పక్కవాడి ముఖం, ఫొటో ఆశ అన్నీ కలిసి మీచేత ‘సరే’ అనిపిస్తాయి.

ఇక పిడుగులు. ఇక్కడి పర్వతశ్రేణి పేరు క్యాస్కేడ్స్. ఈ కొండకు ‘క్యాస్కేడ్స్ పిడుగు కడ్డీ’ అని పేరుంది. చుట్టుపక్కల అంత ఎత్తున, అంత సూదిగా ఉన్నది ఇదొక్కటే కాబట్టి ఉరుము మేఘం వస్తే మొదటి దెబ్బ దీనికే. ఆనవాళ్ళు పైన కనిపిస్తాయి. కొస రాతిలో చివరి అయిదు నుంచి పది అడుగుల మేర అక్కడక్కడా నల్లటి, ముదురాకుపచ్చ మచ్చలుంటాయి. తారు చుక్కపడి ఆరినట్టు నున్నగా మెరుస్తాయి. వేలితో తడిమితే చుట్టూ గరుకు రాయి, అక్కడొక్కచోట గాజు. కొన్నిచోట్ల ఆ గాజు పూత లోపలికి పోయే సన్నటి బొరియల్లోనూ ఉంటుంది. పిడుగు పడిన క్షణంలో రాయి కరిగి, మరుక్షణంలో చల్లారి అలా గాజైపోయింది. శాస్త్రజ్ఞులు వీటిని ఫల్గురైట్ అంటారు. జోసెఫ్ డిల్లర్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1884లోనే వీటిని పరిశీలించి రాశాడు. ఈ కొండను తొలిసారి ఎక్కినట్టు నమోదైంది అంతకు ముందటి ఏడాది, 1883లో. పిడుగురాళ్ళ అనే ఊరి మీదుగా చిన్నప్పుడు ఎన్నోసార్లు రైల్లో వెళ్ళినవాణ్ణి. నిజంగా పిడుగు చేసిన రాయిని వేలితో తాకినప్పుడు ఆ మాట గుర్తొచ్చి ఒళ్ళు జలదరించింది. దయచేసి ఆ గాజును గీకి తెచ్చుకోకండి. అది ఉన్నది ఆ కాస్త మేరే, మళ్ళీ పిడుగు పడితేనే కొత్తది పుడుతుంది.

వేసవిలో ఉరుములు మధ్యాహ్నం తర్వాతే ఎక్కువ. తెల్లవారుజామున అయిదున్నరకల్లా బాట మీద ఉండండి, పదకొండుకు గట్టు దగ్గర ఉండండి, పన్నెండుకు దిగడం మొదలుపెట్టండి. ఎంత దగ్గర్లో ఉన్నా పన్నెండు దాటితే వెనక్కే. పడమర మౌంట్ బెయిలీ మీద మేఘం కాలీఫ్లవర్‌లా పైకి ఉబ్బుతుంటే గడియారం చూడనక్కర్లేదు, వెంటనే దిగండి. ఉరుము ఒక్కటి వినిపించినా అంతే. చేతి మీద వెంట్రుకలు లేచినా, చేతికర్ర లోహం సన్నగా జుమ్మన్నా క్షణం ఆగవద్దు. అయిదోసారి గట్టుకు ఇంకా ఇరవై నిమిషాలుందనగా అలాంటి మేఘం చూసి వెనుదిరిగాం. చెట్లలోకి వచ్చిన కాసేపటికే పైన ఉరిమింది. వెంట ఉన్నవాళ్ళు అప్పటిదాకా నా మీద అలిగి ఉన్నారు. ఆ ఉరుము తర్వాత ఎవరూ మాట్లాడలేదు.

కాలం విషయానికి వస్తే జులై మధ్య నుంచి సెప్టెంబరు చివరిదాకా మంచిది. అంతకు ముందు పై వాలు మీద మంచు గట్టిగా ఉంటుంది, మంచుగొడ్డలి వాడడం రానివాళ్ళు వెళ్ళకూడదు. జులైలో డైమండ్ లేక్ పక్కన దోమలు విపరీతం, పూసుకునే మందు మరచిపోవద్దు. ఆగస్టు, సెప్టెంబరుల్లో కార్చిచ్చుల పొగ కమ్ముతుంది. 2020 సెప్టెంబరులో ఈ కొండ పేరే పెట్టిన కార్చిచ్చు ఆ ప్రాంతాన్ని కాల్చింది. బయలుదేరే ముందురోజు అటవీశాఖ వారి పేజీలో బాట మూసివేతలు, గాలి నాణ్యత రెండూ చూసుకోండి.

బాట మీద నీళ్ళు లేవు. వాగు ఉన్నది పసిఫిక్ క్రెస్ట్ బాట మీద ఉత్తరంగా ఇంకా మైళ్ళ దూరం వెళ్ళాక, మీ దారిలో కాదు. మనిషికి నాలుగు లీటర్లు మోసుకోండి. ఫోను సిగ్నల్ మీద నమ్మకం పెట్టుకోకండి. ఉపగ్రహం ద్వారా సందేశం పంపే చిన్న పరికరం ఒకటైనా జట్టులో ఉండాలి, లేకపోతే ఏ సమయానికి తిరిగివస్తారో ఇంట్లో ఒకరికి రాసి ఇచ్చి వెళ్ళండి. కారు ఆపే చోట రుసుము పాసు అవసరం.

మీరు వెళుతున్నది 1984లో వైల్డర్‌నెస్‌గా ప్రకటించిన అడవి. అంటే యంత్రం అడుగుపెట్టకూడని చోటు. సైకిలుకు కూడా అనుమతి లేదు, డ్రోన్ ఎగరేయకూడదు. దారి చూపే పలకలు, రెయిలింగులు, చెత్తడబ్బాలు ఉండవు. మన అలవాటు కొద్దీ కొస మీద కర్పూరం వెలిగించాలని, కొబ్బరికాయ కొట్టాలని అనిపించవచ్చు. ఆ భక్తి నాకు అర్థమవుతుంది. ఎండు అడవిలో ఒక్క నిప్పురవ్వ చాలు, అందుకని చేతులు జోడించి దండం పెట్టుకుని రండి. అరటితొక్క, బత్తాయితొక్క కూడా సంచిలోనే వెనక్కి తేవాలి. అంత ఎత్తున, అంత పొడిలో అవి కుళ్ళడానికి చాలాకాలం పడుతుంది.

ఇప్పుడు నాన్నగారు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఏటా ఎక్కేవారంటే గుండె, ఊపిరి, పట్టుదల మీలో చాలామంది కంటే మెరుగ్గానే ఉంటాయి. ఆ విషయంలో నాకు సందేహం లేదు. మెట్టుకు, ఈ రాళ్ళకు ఉన్న తేడానే నా భయం. మెట్టు మీ కాలు ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది. ఇక్కడ ప్రతి అడుగూ జరుగుతుంది, ఆ జారుడును మోకాలు, మడమ సర్దుకోవాలి. పైగా తిరుమలలో ఎక్కాక బస్సులో దిగవచ్చు. ఇక్కడ ఎక్కిందంతా కాళ్ళతోనే దిగాలి, అరవై దాటిన మోకాళ్ళకు దిగుడే పరీక్ష. గాలి కూడా తిరుమల కంటే చాలా పలుచన. వచ్చిన వారంలోపే తీసుకువెళ్ళకండి, ప్రయాణపు అలసట, నిద్ర తేడా తగ్గనివ్వండి. ఆయనకు రక్తపోటు, చక్కెర మందులు ఉంటే వైద్యుణ్ణి అడిగాకే.

ఆయనకు నేను చెప్పే హద్దు పసిఫిక్ క్రెస్ట్ కూడలి. నాలుగు మైళ్ళు చక్కని బాట, చేతికి రెండు కర్రలు ఇస్తే నిదానంగా మూడు గంటల్లో చేరతారు. అక్కడి నుంచి కొమ్ము తల మీద వాలినట్టు దగ్గరగా కనిపిస్తుంది, పడమరన డైమండ్ లేక్ మొత్తం కింద పరుచుకుని ఉంటుంది. ఆయనను అక్కడ ఒంటరిగా వదిలి నలుగురూ పైకి వెళ్ళిపోకండి, ఒకరు తోడుండాలి. ఆ ఒకరు ఎవరో బయలుదేరే ముందురోజే మాట్లాడుకోండి. ఆరోసారి ఆ తోడు నేనే ఉన్నాను, మా మావయ్యగారితో. పైకి వెళ్ళినవాళ్ళు తిరిగివచ్చేసరికి ఆయన నడిచి వచ్చే మనుషులను ఒక్కొక్కరినీ ఆపి, ఎక్కడి నుంచి వస్తున్నారో, దారిలో ఏం తింటున్నారో అడిగి తెలుసుకుంటూ కూర్చున్నారు. డబ్బాలో పులిహోర అయిపోయింది.